పేరు ఎవరు రాశారు, ఎవరు కొట్టేశారు?
ఓటర్ల జాబితాలో దళితుల చరిత్ర

2018 డిసెంబర్ 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో ఓటు వేయడానికి మా అమ్మ హైదరాబాదు నుంచి పాలమూరు జిల్లాలోని మా ఊరికి పోయింది. ఏడాదిలో ఏడెనిమిది నెలలు ఆమెది అడ్డా మీది కూలి బతుకు. వానలు పడితే ఊరు, పంట పని అయిపోతే పట్నం. ఆ రోజు కోసం రెండు రోజుల కూలి వదులుకుంది, బస్సు కిరాయి చేతి నుంచి పెట్టుకుంది. ఫోటో గుర్తింపు కార్డును ఎప్పటిలాగే కొంగున ముడేసుకుంది. పోలింగు కేంద్రంలో కాగితాలు రెండుసార్లు తిరగేసి పేరు లేదన్నారు. "కార్డు నా చేతిలనే ఉన్నది గద బిడ్డా, నేను లేనని ఎవరు రాసిర్రు?" అని ఆమె మమ్మల్ని ఫోనులో అడిగింది.

ఆ ప్రశ్నకు మా దగ్గర అప్పుడు జవాబు లేదు. తరువాత అడిగితే, ఇల్లు మారిన వాళ్ల కింద పేరు తీసేశారని, నోటీసు ఇచ్చామని చెప్పారు. తాళం వేసిన ఇంటికి నోటీసు ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు అన్నదానికి మాత్రం జవాబు రాలేదు. ఆ ఎన్నికలో పేర్లు గల్లంతైన ఓటర్లు రాష్ట్రమంతటా కనబడ్డారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారే బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. క్షమాపణ వచ్చింది కాని ఆనాటి ఓటు తిరిగి రాలేదు.

దళితుల ఓటు గురించి మనం మాట్లాడుకునేటప్పుడు పోలింగు రోజే ఎక్కువగా కళ్ల ముందుకొస్తుంది. బూతు ఆక్రమణ, కర్రలు పట్టుకున్న దొర మనుషులు, వాడకు అడ్డంగా నిలబడ్డ ట్రాక్టరు, రాత్రి పంచిన సారా, ఇవన్నీ జరిగినవే, రాయవలసినవే. అయితే పోలింగు రోజుకు ఎన్నో నెలల ముందు, ఏ చప్పుడూ లేకుండా, ఒక కాగితం మీద ఇంకొక పని జరుగుతుంది. ఎవరు ఓటరో ఎవరు కాదో అక్కడ తేలుతుంది. కర్రతో ఓటు లాక్కున్న చరిత్ర మనకు కొంత తెలుసు. కలంతో లాక్కున్న చరిత్రను ఇక్కడ కొంతైనా చెప్పాలని మా ప్రయత్నం.

శిస్తు కట్టినవాడే మనిషి

బ్రిటిష్ వాళ్లు మొదట ఓటు ఇచ్చింది మనుషులకు కాదు, ఆస్తులకు. 1919 చట్టం కింద 1920లో జరిగిన ఎన్నికల్లో భూమిశిస్తు, ఇంటి పన్ను, ఆదాయపు పన్ను వంటివి కట్టేవాళ్లే ఓటర్లు. దేశ జనాభాలో వాళ్లు మూడు శాతం కూడా దాటలేదు. సెంటు భూమి లేని మాలకు, మాదిగకు ఆ జాబితాలో చోటెక్కడిది? చట్టంలో ఎక్కడా 'అంటరానివాళ్లకు ఓటు లేదు' అని రాయలేదు. రాయాల్సిన అవసరం కూడా లేకపోయింది. భూమి లేకుండా చేసిన కులవ్యవస్థే ఓటు లేకుండా కూడా చేసింది.

ఈ సంగతిని అందరికంటే ముందు పట్టుకున్నవాడు అంబేద్కర్. 1919 జనవరిలో సౌత్‌బరో కమిటీ ముందు సాక్ష్యం ఇచ్చేటప్పుడే ఓటు అర్హతనూ ప్రాతినిధ్యాన్నీ ఆయన ఒకేచోట పెట్టి మాట్లాడాడు. 1928లో సైమన్ కమిషన్ ముందు వయోజన ఓటు హక్కు కావాలని గట్టిగా అడిగాడు. అక్కడ ఆయన పెట్టిన షరతును మన విద్యార్థులు జాగ్రత్తగా చూడాలి. వయోజన ఓటు ఇస్తే ఉమ్మడి నియోజకవర్గాల్లో రిజర్వు స్థానాలు చాలు, అది ఇవ్వకపోతే మాత్రం ప్రత్యేక నియోజకవర్గాలు కావాలి అన్నాడు. అంటే ప్రత్యేక నియోజకవర్గాల వాదం గాలిలోంచి పుట్టలేదు. జాబితాలో మన పేర్లే లేనప్పుడు ఉమ్మడి ఎన్నికలో మన ప్రతినిధిని ఎన్నుకునేది ఎవరు అన్న ప్రశ్న దాని వెనుక ఉంది.

1932లో ఓటు అర్హతలను తేల్చడానికి వచ్చిన లోథియన్ కమిటీలో అంబేద్కర్ కూడా సభ్యుడు. అదే ఏడు సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం జరిగింది. దాని గురించి మాట్లాడినప్పుడల్లా గాంధీ నిరాహారదీక్ష, 148 స్థానాలు, ఉమ్మడి నియోజకవర్గాలు అన్నంతవరకే ఆగిపోతాం. ఒప్పందంలో ఇంకో రెండు సంగతులున్నాయి. ఒకటి, రిజర్వు స్థానానికి నలుగురు అభ్యర్థులను ముందుగా ఎంచుకునే హక్కు ఆ నియోజకవర్గపు సాధారణ ఓటర్ల జాబితాలో నమోదైన దళితులకే ఉంటుంది. రెండు, దళితులకు ఓటు అర్హత లోథియన్ కమిటీ నివేదికలో సూచించినట్టు ఉండాలి. ఒప్పందం వల్ల మిగిలిన ఆ కాస్త హక్కు కూడా జాబితాలో పేరున్నవాడికే అందుతుందన్న మాట.

1935 చట్టంతో ఓటర్ల సంఖ్య దాదాపు మూడు కోట్లకు పెరిగింది. అర్హతలు సడలించారు గాని ఆస్తి, చదువు అనే కొలబద్దలు పోలేదు. కొన్ని రాష్ట్రాల్లో దళితుడు ఊరి సేవకుడుగా ఉంటే ఆ కొలువునే ఓటు అర్హతగా లెక్కపెట్టారు. ఊరికి చాకిరి చేసినందుకు దొరికిన ఓటు అది. ఇక భార్యకు ఓటు భర్త ఆస్తిని బట్టి. ఆస్తి లేని మగవాడికే దిక్కు లేని చోట వాడి భార్యకు ఏముంటుంది?

జాబితాలో ఏమని రాయాలి?

ఓటు కోసం పోరాటంతో పాటు పేరు కోసం కూడా పోరాటం నడిచింది. ప్రభుత్వ కాగితాల్లో మనల్ని ఏమని రాయాలన్నది తెలుగు నేల మీద మొదటి నుంచీ రాజకీయ ప్రశ్నే. 1917 నవంబర్‌లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభకు పిలుపు వచ్చింది 'పంచమ' అన్న పేరు మీద. ఐదోవాళ్లం ఎట్లా అవుతాం, ఈ నేలకు మొదటివాళ్లం గదా అని ఆ సభ 'ఆది ఆంధ్ర' అన్న పేరును ముందుకు తెచ్చింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అన్న పేర్లను తన రికార్డుల్లోకి తీసుకుంది. నిజాం రాష్ట్రంలో 1931 జనాభా లెక్కల్లో 'ఆది హిందూ' అని రాశారు. లెక్కలు రాసేవాడి చేతిలో మన ఉనికి ఉంటుందని ఆ తరం వాళ్లకు బాగా తెలుసు. జనాభా లెక్కలు, రికార్డులు, జాబితాలు అంటే గుమాస్తాల పని అని వాళ్లు వదిలిపెట్టలేదు. అది ఉద్యమం పనేనని పట్టుకున్నారు.

హైదరాబాదు సంస్థానంలో ఓటు మాట అంతంత మాత్రమే. 1939లో నిజాం ప్రకటించిన సంస్కరణల్లో ప్రాతినిధ్యాన్ని వృత్తుల వారీగా, ప్రయోజనాల వారీగా పంచారు. జాగీర్దారుకు, వర్తకుడికి, వకీలుకు లెక్క ఉంది గాని వెట్టి చేసేవాడికి ఏం లెక్క? మా ఊళ్ల వైపు దళితుడు ఓటరు అయింది 1948 సెప్టెంబర్ తరువాత తయారైన జాబితాలతోనే. మొదటి ఓటు వేసింది 1952 ఎన్నికల్లోనే.

మొదటి జాబితా

స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశంలో నూటికి ఎనభై మందికి పైగా చదవను, రాయను రానివాళ్లు. అటువంటి దేశంలో పెద్దవాళ్లందరి పేర్లతో జాబితా రాయడం మొదలుపెట్టారు. రాజ్యాంగం పూర్తికాక ముందే, 1947 నవంబర్ నుంచి రాజ్యాంగసభ సచివాలయం ఈ పని ఆలోచించి, 1948 మార్చిలో రాష్ట్రాలకు ఉత్తర్వులు పంపింది. మొదటి సాధారణ ఎన్నికల నాటికి జాబితాలో 17 కోట్ల 30 లక్షల పైచిలుకు పేర్లున్నాయి. 1935 నాటి మూడు కోట్ల పక్కన పెట్టి చూస్తే ఇది ఎంత పెద్ద మార్పో తెలుస్తుంది. వేల ఏళ్లలో మొదటిసారి మాలవాడ, మాదిగవాడ మనుషులు ఊరిపెద్దల పేర్లున్న పుస్తకంలోనే, అదే వరుస నెంబర్లతో ఎక్కారు. ఇది ఎవరో పెట్టిన భిక్ష అనుకునేవాళ్లు 1919 నుంచి అంబేద్కర్ ఇచ్చిన సాక్ష్యాలు చదవాలి.

అయితే జాబితా తయారవుతున్నప్పుడే దాన్ని వంకర తిప్పే పని కూడా మొదలైంది. 1949 జూన్‌లో ఎన్నికల సంఘం గురించిన అధికరణం మీద చర్చ వచ్చినప్పుడు అంబేద్కర్ ఈ విషయాన్ని సూటిగా సభ ముందు పెట్టాడు. కొన్ని రాష్ట్రాల్లో అక్కడి బలమైన వర్గంతో జాతిలో గాని, సంస్కృతిలో గాని, భాషలో గాని కలవని వాళ్లను ఓటర్ల జాబితాలోకి రానీయకుండా చేస్తున్నారన్న సంగతి తమ దృష్టికి వచ్చిందని చెప్పాడు. ఓటు హక్కు ప్రజాస్వామ్యానికి మూలం కాబట్టి, స్థానిక ప్రభుత్వాల దురభిమానానికి గాని అధికారుల ఇష్టానికి గాని ఎవరూ జాబితాకు దూరం కాకూడదని, అందుకే రాష్ట్రానికో సంఘం కాకుండా దేశానికంతటికీ ఒకే స్వతంత్ర ఎన్నికల సంఘం ఉండాలని వాదించాడు. ఈనాటి 324వ అధికరణం అట్లా వచ్చింది. ఎన్నికల సంఘం అంటే పోలింగు జరిపే సంస్థ అని మనం అనుకుంటాం. అంబేద్కర్ వాదనలో అది ముందుగా జాబితాను కాపాడే సంస్థ.

దాని వెంటనే 325వ అధికరణం ఉంది. ప్రతి నియోజకవర్గానికి ఒకే సాధారణ జాబితా ఉండాలి, మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ అందులోంచి తప్పించకూడదు అని దాని సారం. 326 వయోజన ఓటు గురించి చెబుతుంది. ఈ మూడింటినీ కలిపి చదివితేనే మన ఓటు అర్థమవుతుంది.

ఆ మొదటి జాబితా కూడా అందరికీ దక్కలేదు. తమ పేరు చెప్పకుండా ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి అని మాత్రమే రాయించిన ఆడవాళ్ల పేర్లు దాదాపు 28 లక్షలు తీసేశారు. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నివేదికలో ఈ లెక్క ఉంది. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాల వాళ్లు. సొంత పేరు ఉండాలని ఎన్నికల సంఘం పట్టుబట్టడం న్యాయమే. కాని ఇంట్లోవాళ్లు పేరు పలకనీయని తప్పుకు శిక్ష ఆడవాళ్లకు పడింది.

పటేలు అరుగు మీద

మా నాయనమ్మ ఈ కాలం మనిషి. ఆమె చెప్పిన మాటను రికార్డు సాక్ష్యంగా కాక మా వాడ జ్ఞాపకంగా ఇక్కడ పెడుతున్నాము. పేర్లు రాసుకునే రోజు పట్వారి మాదిగవాడకు రాలేదు. పటేలు ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. మావాళ్లు కింద, వాకిట్లో గొంతుకు కూర్చున్నారు. మగవాళ్లను పేరు అడిగారు. ఆడవాళ్ల సంగతి మగవాళ్లనే అడిగారు. అయ్యలు, అమ్మలు అన్న తోకలు కోసేసి, ఊరివాళ్లు పిలిచే సగం పేర్లతోనే రాసుకున్నారు. నాయనమ్మ పేరు ఆమె చనిపోయేదాకా జాబితాలో సగంగానే ఉంది. ఆ సగం పేరుతోనే ఆమె ఓటేసింది. "గట్లనన్న రాసిండు, అదే పదివేలు" అనేది.

ఈ జ్ఞాపకాన్ని మేము మా ఇంటి ముచ్చటగా చెప్పడం లేదు. చట్టం ఢిల్లీలో మారినా కలం ఊళ్లో పాతవాడి చేతిలోనే ఉందన్నది ఇందులో చూడాలి. ఆంధ్రలో కరణం, మునసబు, తెలంగాణలో పటేలు, పట్వారి, వంశపారంపర్యంగా వచ్చిన ఈ కొలువులన్నీ అగ్రకులాల చేతుల్లోవే. భూమి రికార్డు రాసేవాడూ, శిస్తు వసూలు చేసేవాడూ, చావు పుట్టుకలు రాసేవాడూ వాడే. వాడి సాయం లేకుండా పై అధికారికి ఊళ్లో ఎవరున్నారో కూడా తెలియదు. 1984లో తెలుగుదేశం ప్రభుత్వం ఆ పదవులు రద్దు చేసేదాకా, అంటే తొలి ఎన్నిక తరువాత మూడు దశాబ్దాలకు పైగా, ఇదే పరిస్థితి. ఆ రద్దును పరిపాలన సంస్కరణగానే చూస్తారు. మన వైపు నుంచి చూస్తే, మన పేరు రాసే కలం ఒక కులం ఇంటి నుంచి బయటికి రావడం అది.

ఇప్పుడు జాబితా పని బూత్ స్థాయి అధికారి చేతిలో ఉంది. చాలాచోట్ల అంగన్‌వాడీ టీచరో, బడి పంతులో, సచివాలయ ఉద్యోగో ఆ పని చేస్తున్నారు. ఇందులో మనవాళ్లూ ఉన్నారు. ఇది చిన్న మార్పు కాదు. అయినా అసలు పనికి తోడు నెత్తిన పడిన పని ఇది. ఊళ్లోకి వచ్చి, సర్పంచి ఇంటి దగ్గర కూర్చుని, వాడ సంగతి అక్కడే అడిగి రాసుకుపోతే పటేలు అరుగుకూ దీనికీ తేడా ఏముంది?

కర్ర నేరం, కలం తప్పిదం

1989లో వచ్చిన షెడ్యూల్డు కులాల, తెగల అత్యాచారాల నిరోధక చట్టంలో, దళితుణ్ణి ఓటు వేయనీయకపోయినా, ఫలానావాడికే వేయాలని బలవంతపెట్టినా నేరమని రాశారు. 2015 సవరణలో దీన్ని ఇంకా విప్పి చెప్పి, నామినేషను వేయనీయకపోవడాన్ని కూడా చేర్చారు. కారంచేడు, చుండూరు నెత్తురు చూసిన మనకు ఆ చట్టం విలువ తెలుసు. అయితే ఆ సెక్షను మాట్లాడేది పోలింగు గురించి, నామినేషను గురించి. జాబితాలో పేరు రాకుండా చేయడం గురించి అందులో ప్రత్యేకంగా ఒక్క మాట లేదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 32వ సెక్షను కింద జాబితా పనిలో విధి తప్పిన అధికారికి మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా శిక్ష ఉంది. కాని ఎన్నికల సంఘమో, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారో ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు ఆ కేసును తీసుకోదు. పేరు పోయిన మనిషి తానుగా ఆ మెట్టు ఎక్కలేడు. కర్రతో ఆపితే నేరం, కలంతో ఆపితే పొరపాటు అన్నట్టు తయారైంది.

నల్లజాతివాళ్ల చరిత్రతో మన చరిత్రను పోల్చి చూసేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పోరాటం పోలింగు బూతు దగ్గర కంటే ముందు నమోదు కార్యాలయం దగ్గరే జరిగింది. మిసిసిపీలో ఫానీ లూ హేమర్ 1962 ఆగస్టులో ఓటరుగా నమోదు చేయించుకోవడానికి పోతే పరీక్ష పెట్టి తప్పించారు. ఆ రాత్రికే తోట యజమాని ఆమెను ఇల్లు ఖాళీ చేయించాడు. 1965 ఓటు హక్కుల చట్టం దాకా అక్కడ చదువు పరీక్షే కలం. మన దగ్గర అటువంటి పరీక్ష లేదు. మన దగ్గర ఆ పని చేసేది చిరునామా.

చట్టం 'మామూలుగా నివసించే చోటు' అంటుంది. సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన నివాసం కాదు, తాత్కాలికంగా వేరేచోటికి పోయినంత మాత్రాన నివాసం పోదు అని 20వ సెక్షను స్పష్టంగా చెబుతుంది. ఈ రెండో మాట వలసపోయే మనిషికి రక్షణ. కాని జాబితా సరిచూసేవాడు ఎండాకాలంలో వాడకొస్తే తలుపులకు తాళాలు కనబడతాయి. ఇటుకబట్టీకి పోయినవాళ్లు, బొంబాయి పోయినవాళ్లు, చెరకు నరకడానికి పోయినవాళ్లు అందరూ 'ఊరు మారినవాళ్లు' అయిపోతారు. పోయిన చోటేమో గుడిసెకు నెంబరు లేదు కాబట్టి అక్కడా రాయరు.

వలసే కాదు, తరిమివేత కూడా ఉంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన తరువాత మిగతావాళ్లు చీరాల వచ్చి అక్కడే కొత్త బతుకు కట్టుకున్నారు. చట్టం లెక్కలో వాళ్లూ చిరునామా మారినవాళ్లే. ఎందుకు మారారో రాసే గడి ఏ ఫారంలోనూ ఉండదు.

జాబితాల శుద్ధి

1990ల నుంచి జాబితాను శుద్ధి చేయడం అన్న మాట ఎక్కువగా వినబడుతున్నది. చనిపోయినవాళ్ల పేర్లు, రెండుచోట్ల ఉన్న పేర్లు తీసేయాలన్నదానికి మేము వ్యతిరేకం కాదు. దొంగ ఓట్లతో ఎక్కువ నష్టపోయింది మన వాడలే. శుద్ధి ఎవరి మీద నుంచి మొదలవుతుందన్నదే మా ప్రశ్న.

1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇదే ప్రశ్న వచ్చింది. ఢిల్లీ, బొంబాయి బస్తీల్లో పేదవాళ్లను విదేశీయులన్న అనుమానంతో జాబితాల నుంచి తీసేయబోయారు. ఇంతకుముందు జాబితాలో ఉన్న మనిషి పేరుకు విలువ ఇవ్వాలని, తీసేసేముందు కారణం చెప్పి, ఆధారాలు చూపి, జవాబు వినాలని కోర్టు చెప్పింది. 2015 మార్చిలో జాబితాకు ఆధార్ నెంబరు కలిపే కార్యక్రమం మొదలుపెట్టి, ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వు తరువాత ఆధార్ సేకరణ ఆపారు. 2018లో తెలంగాణలో ఏం జరిగిందో మొదటే చెప్పాము. 2019 మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో ఓటర్ల పేర్లు తీసేయమంటూ ఫారం 7 దరఖాస్తులు లక్షల్లో వచ్చి పడ్డాయి. విచారణలో చాలావాటిని తిరస్కరించారు, పోలీసు కేసులు పెట్టారు. 2025 జూన్‌లో బీహార్‌లో ప్రత్యేక సవరణ మొదలైంది. దానికి ముందు 7 కోట్ల 89 లక్షల ఓటర్లుండగా ఆగస్టు 1 ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. తీసేసిన పేర్లను కారణాలతో సహా ప్రకటించాలని సుప్రీంకోర్టు ఆగస్టు 14న చెప్పాల్సి వచ్చింది. సెప్టెంబర్ 30 నాటి తుది జాబితాలో 7 కోట్ల 42 లక్షల పేర్లున్నాయి.

ఈ ముప్పై ఏళ్లలో ఒక తేడా వచ్చింది. 1948లో ప్రభుత్వమే ఇంటికి వచ్చి నీ పేరేమిటని అడగాలన్నది సూత్రం. ఇప్పుడు నువ్వు ఉన్నావని నువ్వే కాగితాలతో రుజువు చేసుకో అనే వైపు జరుగుతున్నాం. పుట్టిన తేదీ కరువును బట్టి, వరదను బట్టి చెప్పుకునే తల్లిదండ్రుల పిల్లలం మనం. కాగితం అడిగిన ప్రతిచోటా ముందు తగ్గేది మన సంఖ్యే.

వాడలో చేయవలసిన పని

కాబట్టి జాబితా పనిని మన సంఘాలు ఎన్నికల ముందు పార్టీల ఏజెంట్లకు వదిలేయకూడదు. మా అమ్మ సంగతిలో మేము నేర్చుకున్న మొదటి పాఠం, కార్డు ఓటు కాదు. జాబితాలో పేరున్నవాడే ఓటరని 1951 చట్టం 62వ సెక్షను చెబుతుంది. కార్డు పెట్టెలో భద్రంగా ఉండగానే పేరు పోవచ్చు. అందుకని ఏటా ముసాయిదా జాబితా రాగానే వాడ జనం ముందు కూర్చుని గట్టిగా చదవాలి. జాబితా ఇంటి నెంబర్ల వరుసలో ఉంటుంది కాబట్టి వాడ పేజీలు దొరకబట్టడం కష్టం కాదు. చదువుకున్న పిల్లలు ఒక్క పూట కూర్చుంటే ఎవరి పేరు లేదో, ఎవరి వయసు తప్పో, ఎవరి పక్కన ఎవరి భర్త పేరు పడ్డదో తేలిపోతుంది.

కొత్తగా చేరేవాళ్లకు ఫారం 6. 1989 మార్చిలో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. 2021 సవరణ తరువాత అర్హత తేదీలు ఏడాదికి నాలుగయ్యాయి, జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1. 17 ఏళ్లు నిండినవాళ్లు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. హాస్టళ్లలో ఉన్న మన పిల్లలు హాస్టలు చిరునామాతో గాని, ఊరి చిరునామాతో గాని, ఏదో ఒకచోటే నమోదు కావాలి. రెండుచోట్ల ఉంటే చట్టరీత్యా తప్పు, శుద్ధి వచ్చినప్పుడు రెండూ పోయే ప్రమాదం ఉంది. ఇల్లు మారినా, పేరులో, వయసులో తప్పున్నా, కార్డు పోయినా ఇప్పుడు అన్నింటికీ ఫారం 8. ఆధార్ నెంబరు ఇవ్వడం కోసం ఫారం 6బి ఉంది. అది తప్పనిసరి కాదని ఎన్నికల సంఘమే 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది.

ఫారం 7 మీద కన్నేసి ఉంచాలి. ఒకరి పేరు తీసేయమని పెట్టే కాగితం అది. ఎవరి పేర్ల మీద అభ్యంతరాలు వచ్చాయో నమోదు అధికారి పట్టిక పెట్టాలి. ఆ పట్టికను వారం వారం చూడాలి. ఊరు మారాడన్న కారణంతో పేరు తీసేసేముందు ఆ మనిషి మాట వినాలని 22వ సెక్షను చెబుతుంది. పేరు తీసేస్తే 15 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు పెట్టుకోవచ్చు. ఇల్లు లేనివాళ్లకు చిరునామా కాగితం అక్కర్లేదు. వాళ్లు పడుకునే చోటికి రాత్రిపూట వచ్చి బూత్ అధికారే చూసుకోవాలన్నది ఎన్నికల సంఘం నియమం. వలసపోయే కుటుంబాల పేర్లు, ఎప్పుడు పోతారు, ఎప్పుడు వస్తారు అన్నది సంఘం ముందే రాసి బూత్ అధికారికి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. నామినేషన్ల చివరి తేదీ దాటితే ఆ ఎన్నికకు జాబితా మారదు. పోలింగు రోజు చేసే లొల్లితో పేరు రాదు.

మా అమ్మ కోసం మేము 2018 డిసెంబర్‌లోనే మళ్లీ ఫారం 6 పెట్టాము. కొత్త జాబితాలో పేరు వచ్చింది గాని వయసు పదేళ్లు తక్కువ పడింది, మా నాయన పేరు బదులు పక్కింటాయన పేరు పడింది. మళ్లీ దిద్దించాము. 2019 ఏప్రిల్ 11న, 2023 నవంబర్ 30న ఓటేసింది. ఇప్పుడు పట్నం నుంచి ఊరికి పోయినప్పుడల్లా అంగన్‌వాడీ దగ్గర ఆగి, వాడలో తాళమేసి ఉన్న ఇండ్ల పేర్లన్నీ వరుసగా చెప్పి, "ఈళ్లు యాడికీ పోలే, పనికి పోయిర్రు, ఉన్నరని రాసుకో అమ్మా" అని చెప్పి వస్తున్నది. 1949లో అంబేద్కర్ సభలో అడిగింది ఇదే గదా. మన సంఘాలు ఊరూరా ఈ పని ఎత్తుకోవాలి.